చేయి పెట్టకుండా నడిచే మెష్: ప్రాజెక్టు డైరీ

పని హద్దులు

ఒక పలకలో వేడి ఎలా పాకుతుందో, ఒక గొట్టంలో ద్రవం ఎలా మళ్లుతుందో లెక్కకట్టాలంటే ముందుగా ఆ ఆకారాన్ని త్రిభుజాలుగానో చతుర్ముఖులుగానో విడగొట్టుకోవాలి. సమీకరణం ఎంత మంచిదైనా, దాన్ని పరిష్కరించే సాఫ్ట్‌వేర్ ఎంత వేగవంతమైనదైనా, జవాబు నాణ్యతను చాలావరకు నిర్ణయించేది ఈ ముక్కల అల్లిక, అంటే మెష్. అయినా ఎక్కువ చోట్ల ఇప్పటికీ మెష్ ఎక్కడ సన్నగా ఉండాలో, ఎక్కడ ముతకగా ఉండాలో అనుభవజ్ఞుడైన ఇంజనీరు ముందే ఊహించి చేత్తో దిద్దుతుంటాడు. నాసా కోసం 2014లో తయారైన సీఎఫ్‌డీ (కంప్యూటరుతో ప్రవాహాలను లెక్కకట్టే రంగం) విజన్ 2030 నివేదిక కూడా మెష్ తయారీని, దాని సవరణను ప్రవాహ సిమ్యులేషన్‌లకు పెద్ద అడ్డంకుల్లో ఒకటిగా పేర్కొంది.

ఈ ప్రాజెక్టులో నేను పెట్టుకున్న లక్ష్యం చెప్పడానికి చిన్నదే. ఆకారం, సమీకరణం, అనుమతించదగిన దోషం అనే మూడింటిని మాత్రమే ప్రోగ్రాముకు ఇవ్వాలి. మొదటి మెష్ వేసుకోవడం, పరిష్కరించడం, దోషం ఎక్కడ ఉందో అంచనా కట్టడం, అక్కడి ఎలిమెంట్లను, అంటే మెష్ ముక్కలను, విడగొట్టడం, మళ్లీ పరిష్కరించడం అన్నీ అదే చేసుకోవాలి. మధ్యలో ఎవరూ తెర ముందు కూర్చోనక్కర్లేదు. ఈ చివరి షరతును నేను గట్టిగా పట్టుకున్నాను. ఎందుకంటే మనిషి చూస్తున్నప్పుడు మాత్రమే నడిచే ఆటోమేషన్‌ను పెద్ద లెక్కల వరుసలో నమ్మి వాడలేం.

త్రిభుజీకరణ

రెండు కొలతల్లోనే మొదలుపెట్టాను. పునాదిగా డెలోనే త్రిభుజీకరణను తీసుకున్నాను. బోరిస్ డెలోనే 1934లో ప్రచురించిన ఈ భావన ప్రకారం ఏ త్రిభుజపు పరివృత్తంలోనూ మరో శీర్షం ఉండకూడదు. ఒకే బిందువుల సమితికి సాధ్యమైన త్రిభుజీకరణలన్నింటిలో అతి చిన్న కోణాన్ని వీలైనంత పెద్దదిగా ఉంచేది ఇదే. నిర్మాణానికి బౌయర్, వాట్సన్‌లు 1981లో విడివిడిగా చూపిన పద్ధతిని రాసుకున్నాను. కొత్త బిందువు ఎవరి పరివృత్తంలో పడుతుందో ఆ త్రిభుజాలన్నింటినీ తీసేసి, మిగిలిన గుంట అంచులను కొత్త బిందువుకు కలపడమే అందులోని పని. కోడు చిన్నదే. కష్టమంతా ఆ కోడు అడిగే రెండు ప్రశ్నల్లో ఉంది: ఈ బిందువు రేఖకు ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా, ఈ బిందువు వృత్తానికి లోపల ఉందా బయట ఉందా?

ఈ రెండూ బిందువుల నిరూపకాలతో కట్టే నిర్ధారకం (డిటర్మినెంట్) ధనమా ఋణమా అన్న గుర్తును చూసి చెప్పే జవాబులు. కంప్యూటరు దశాంశాలకు మామూలుగా వాడే డబుల్ సంఖ్యకు 53 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది కనుక 0.1కి 0.2 కలిపితే కంప్యూటరులో 0.3కు బదులు 0.30000000000000004 వస్తుంది. కాగితం మీద ఒకే గీతపై ఉన్న మూడు బిందువులు మెమరీలో ఆ గీత మీద ఉండకపోవచ్చు. చదరపు నాలుగు మూలల్లాగా ఒకే వృత్తం మీద ఉన్న నాలుగు బిందువుల దగ్గర నిర్ధారకం సున్నా చుట్టూ ఊగుతుంది. రెండు పక్క త్రిభుజాలకు పరస్పర విరుద్ధమైన జవాబులు వస్తే కర్ణాన్ని ఇటు తిప్పి అటు తిప్పి ప్రోగ్రాము ఆగకుండా తిరుగుతూనే ఉండవచ్చు. ఇక్కడ చిన్న సహన పరిమితి పెట్టి సరిపెట్టుకునే అలవాటు చాలా కోడుల్లో కనిపిస్తుంది. నేను దాన్ని పూర్తిగా వదిలిపెట్టి, జొనాథన్ షూచక్ 1997లో వివరించిన అనుకూల ఖచ్చితత్వపు పరీక్షలను వాడాను. ముందు మామూలు వేగంతో లెక్కకట్టి, గుర్తు సందేహాస్పదంగా ఉన్నప్పుడు మాత్రమే అదనపు ఖచ్చితత్వంలోకి వెళ్లడం వాటి పద్ధతి. అందువల్ల ఎక్కువ సందర్భాల్లో వేగం పెద్దగా తగ్గదు, జవాబు మాత్రం ఎప్పుడూ తప్పు కాదు.

ప్రతి మార్పు తర్వాత నడిచే తనిఖీలను కూడా ఈ దశలోనే రాశాను. లోపలి ప్రతి అంచుకూ సరిగ్గా రెండు త్రిభుజాలు ఉండాలి. అన్ని త్రిభుజాల వైశాల్యాలూ ధనాత్మకంగా ఉండి, వాటి మొత్తం ఆకారపు వైశాల్యానికి సమానం కావాలి. శీర్షాల సంఖ్యలోంచి అంచుల సంఖ్య తీసేసి త్రిభుజాల సంఖ్య కలిపితే రంధ్రం లేని ఆకారానికి 1, ఒక రంధ్రం ఉన్నదానికి 0 రావాలి. ఆయిలర్ సూత్రం ఇచ్చే ఈ చివరి తనిఖీ ఒక్క వరుస కోడే అయినా, అల్లికలో ఎక్కడ చిన్న చిరుగు పడినా వెంటనే పట్టిస్తుంది.

నాణ్యతకు హామీ

డెలోనే నియమం ఉన్న బిందువులతో చేయగలిగినంత చేస్తుంది కానీ, బిందువులే చాలనప్పుడు సన్నని త్రిభుజాలు తప్పవు. రూపర్ట్ పద్ధతి (1995) చెడ్డ త్రిభుజపు పరివృత్త కేంద్రంలో కొత్త బిందువు పెడుతుంది. ఆ కేంద్రం సరిహద్దు ముక్కకు మరీ దగ్గరగా వస్తే కేంద్రాన్ని వదిలి ఆ ముక్కనే సగానికి విడగొడుతుంది. ఆకారంలోని రేఖల మధ్య కోణాలు మరీ చిన్నవి కానంతవరకు సుమారు 20.7 డిగ్రీల కనీస కోణానికి దీనికి గణిత నిరూపణ ఉంది. నాకు ఈ నిరూపణే ముఖ్యం. సగటు కోణం ఎంత బాగున్నా ఒక్క పాడు ఎలిమెంట్ పరిష్కరించాల్సిన సమీకరణాల మొత్తం మాత్రికను అస్థిరంగా మార్చగలదు కనుక, నా నివేదికల్లో సగటు నాణ్యతను అసలు ముద్రించడం లేదు. అతి చిన్న కోణం, అతి పెద్ద కోణం, అవి ఉన్న చోటు, ఈ మూడే ముద్రిస్తున్నాను.

ఎల్ ఆకారం

సవరణ చక్రాన్ని పరీక్షించడానికి ఎల్ ఆకారపు పలకను మించినది లేదు. దాని లోపలికి మళ్లిన మూలలో పదార్థం వైపు కోణం 270 డిగ్రీలు. లాప్లాస్ సమీకరణపు (స్థిరపడిన వేడి పంపకాన్ని చెప్పేది) జవాబు ఆ మూల నుంచి దూరపు 2/3 ఘాతంగా నడుస్తుంది కనుక, మూల దగ్గర దాని ప్రవణతకు, అంటే చోటును బట్టి మారే వేగానికి, హద్దు ఉండదు. ప్రతి త్రిభుజాన్నీ నాలుగుగా విడగొట్టుకుంటూ పోతే ఎలిమెంట్ పరిమాణం సగమవుతుంది. సాఫీ సమస్యలో సరళ ఎలిమెంట్లతో (ఒక్కో త్రిభుజంలో జవాబును సమతలంగా తీసుకునేవి) శక్తి కొలతలో, అంటే ప్రవణత తేడాలను కలిపి చూసే కొలతలో, దోషం సగమవుతుంది. ఇక్కడ మాత్రం 2 యొక్క 2/3 ఘాతం, అంటే సుమారు 1.59 రెట్లు మాత్రమే తగ్గుతుంది. నా సాల్వర్‌లో (సమీకరణాన్ని పరిష్కరించే భాగం) వరుస మెష్‌ల మధ్య నిష్పత్తి ఈ 1.59 దగ్గర స్థిరపడిన తర్వాతే సవరణ భాగానికి వెళ్లాను. సిద్ధాంతం చెప్పిన నెమ్మదితనం కనబడకపోతే ఆ తర్వాత కనిపించే వేగాన్ని కూడా నమ్మలేం.

దోష అంచనాకు జియెన్‌కీవిచ్, జూ 1987లో ప్రతిపాదించిన పద్ధతిని తీసుకున్నాను. సరళ ఎలిమెంట్లలో ప్రవణత ఒక్కో త్రిభుజంలో ఒక్కో స్థిరాంకంగా ఉండి అంచుల దగ్గర గెంతుతుంది. నోడ్‌ల (త్రిభుజాల శీర్షాల) దగ్గర దాని సగటు తీసి ఒక సాఫీ ప్రవణతను తయారుచేసుకుంటే, ముడి ప్రవణతకూ దానికీ ఉన్న తేడాయే దోష సూచిక అవుతుంది. ఏ ఎలిమెంట్లను విడగొట్టాలన్నదానికి డోర్‌ఫ్లర్ 1996లో ఇచ్చిన నియమం వాడాను. సూచికల వర్గాలను పెద్దది మొదలుగా పేర్చి, మొత్తంలో థీటా (0కీ 1కీ మధ్య మనం ఎంచుకునే భిన్నం) వంతు చేరేవరకు పై నుంచి తీసుకోవాలి. ఐదు త్రిభుజాల సూచికల వర్గాలు 50, 20, 15, 10, 5 అనుకుంటే, థీటా 0.5 అయినప్పుడు ఒక్కటే గుర్తింపు పొందుతుంది, 0.7 అయితే రెండు. థీటా పెద్దదైతే చక్రాలు తగ్గి అనవసరపు ఎలిమెంట్లు పెరుగుతాయి, చిన్నదైతే ఎలిమెంట్లు పొదుపుగా ఉండి చక్రాలు పెరుగుతాయి. నేను 0.5 దగ్గర ఉంచాను.

విడగొట్టడానికి సరికొత్త శీర్షం నుంచి ఎదుటి అంచును ఖండించే పద్ధతి ఎంచుకున్నాను. దీనిలో ఒక్కో మొదటి త్రిభుజం నుంచి ఎన్నిసార్లు విడగొట్టినా గరిష్ఠంగా నాలుగు రకాల సరూప త్రిభుజాలే పుడతాయి కనుక కోణాలు క్రమంగా పాడవుతాయన్న భయం లేదు. పక్క త్రిభుజం అంచు మధ్యలో వేలాడే నోడ్ మిగలకుండా పొరుగువాటిని కూడా విడగొట్టాల్సి వస్తుంది. ఆ గొలుసు అదుపు తప్పదా అన్న సందేహం నాకు మొదట్లో ఉండేది. తొలి మెష్‌లో ఖండించాల్సిన అంచులను సరిగ్గా కేటాయిస్తే, అదనంగా విడగొట్టేవాటి మొత్తం సంఖ్య మనం గుర్తించినవాటి సంఖ్యకు ఒక స్థిర గుణిజాన్ని మించదని బినెవ్, డామెన్, డెవోర్ 2004లో నిరూపించారు.

ఫలితాన్ని లెక్కలో చూస్తేనే ఈ శ్రమ దేనికో తెలుస్తుంది. సమానంగా విడగొట్టినప్పుడు దోషం తెలియని రాశుల సంఖ్యకు −1/3 ఘాతంగా, సవరణతో −1/2 ఘాతంగా తగ్గుతుంది. దోషాన్ని పదో వంతుకు తేవాలంటే మొదటి దారిలో తెలియని రాశులు 1,000 రెట్లు, రెండో దారిలో 100 రెట్లు పెరగాలి. వందో వంతుకు తేవాలంటే తేడా 10 లక్షల రెట్లకూ 10,000 రెట్లకూ మధ్య ఉంటుంది.

గుండ్రని రంధ్రం, లేని మూలలు

ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన దశ ఇది. చదరపు పలక మధ్యలో గుండ్రని రంధ్రం, అదే లాప్లాస్ సమీకరణం. రంధ్రపు సరిహద్దును మొదటి మెష్‌లో 16 భుజాల క్రమ బహుభుజిగా తీసుకున్నాను. వృత్తం సాఫీగా ఉంటుంది, జవాబూ సాఫీగానే ఉండాలి, కనుక సవరణ రంధ్రం చుట్టూ మెల్లగా, సమంగా పరుచుకోవాలి. కానీ చక్రాలు ముందుకు సాగేకొద్దీ త్రిభుజాలు రంధ్రం చుట్టూ 16 చోట్ల గుంపులుగా చేరాయి.

కారణం జ్యామితిలోనే ఉంది. 16 భుజాల క్రమ బహుభుజికి లోపలి కోణం 157.5 డిగ్రీలు. రంధ్రం అవతల, అంటే పదార్థం వైపు, అదే మూల 202.5 డిగ్రీలు అవుతుంది. 180 దాటిన ప్రతి మూలా ఎల్ ఆకారపు మూలకు తమ్ముడే. ఇక్కడ జవాబు దూరపు 180/202.5, అంటే 8/9 ఘాతంగా నడుస్తుంది కనుక, ప్రవణత దూరపు −1/9 ఘాతంగా నెమ్మదిగానైనా హద్దు లేకుండా పెరుగుతుంది. దోష సూచిక చేసిన పనిలో తప్పేమీ లేదు. దానికి మనం ఇచ్చిన ఆకారంలో నిజంగానే 16 మూలలున్నాయి, అది వాటిని నిజాయితీగా వెతికి పట్టుకుంది. అసలు రంధ్రంలో లేని మూలల మీద లెక్కల శ్రమ ఖర్చవుతోంది, అంతే.

నష్టం అక్కడితో ఆగదు. వృత్తంలో ఇమిడిన 16 భుజాల బహుభుజి వైశాల్యం వృత్తపు వైశాల్యం కంటే సుమారు 2.55 శాతం తక్కువ. కొత్త నోడ్‌లను తిన్నని అంచు మధ్యలోనే పెడుతూ పోతే లక్షల త్రిభుజాలు వేసినా ఆ 2.55 శాతం అలాగే ఉంటుంది, దోష అంచనా మాత్రం తగ్గుతూ పోతుంది. అంచనా కొలిచేది బహుభుజి సమస్యకు మనం కనుగొన్న జవాబులోని దోషాన్ని. బహుభుజికీ వృత్తానికీ ఉన్న దూరం దానికి కనబడదు. మెష్ సవరణ గురించి చర్చ అంతా దోష అంచనాల చుట్టూ తిరుగుతుంది కానీ, ఆకారపు అసలు నిర్వచనాన్ని చివరి చక్రం దాకా చేతిలో ఉంచుకోవడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. మొదటి మెష్ తయారు కాగానే ఆకారపు ఫైలును పక్కన పెట్టేసే పద్ధతి ఈ పనికి సరిపోదు.

కనుక సరిహద్దు మీద పుట్టే ప్రతి కొత్త నోడ్‌నూ అసలు వృత్తం మీదికి జరిపే ఏర్పాటు చేశాను. 32 భుజాలయ్యేసరికి వైశాల్యపు తేడా 0.64 శాతానికి దిగుతుంది, పదార్థం వైపు కోణం 191.25 డిగ్రీలకు వస్తుంది, లేని మూలలు చక్రం చక్రానికీ మొద్దుబారుతాయి. అయితే ఈ జరపడం కూడా ఉచితం కాదు. వ్యాసార్థం 1 అనుకుంటే 16 భుజాల బహుభుజిలో ఒక భుజపు మధ్యబిందువు వృత్తానికి సుమారు 0.019 దూరంలో ఉంటుంది. రంధ్రాన్ని ఆనుకుని 0.01 మందంతో సన్నని పొర ఉందనుకోండి. నోడ్‌ను 0.019 జరిపితే అది ఆ పొరను దాటి అవతలికి వెళ్లిపోతుంది, త్రిభుజాల వైశాల్యం ఋణాత్మకం అవుతుంది. అందువల్ల అలాంటి చోట ముందుగా ఆ భుజానికి ఎదురుగా ఉన్న పొరల అంచులను కూడా విడగొట్టి, సరిహద్దు నోడ్ కదలికను లోపలి నోడ్‌లకు పంచి, ఆ తర్వాతే జరుపుతున్నాను. కదలికను పంచడానికి మళ్లీ లాప్లాస్ సమీకరణమే సరిపోయింది: సరిహద్దుకు దగ్గరి నోడ్‌లు దాదాపు అంతే కదులుతాయి, దూరపువి కదలవు. ఏ వైశాల్యమైనా ధనాత్మకం కాకపోతే అడుగును సగానికి తగ్గించి మళ్లీ ప్రయత్నించే కాపలా కూడా ఉంది.

దిశను బట్టి పరిమాణం

ప్రవాహ సమస్యల్లో గోడ పక్కన జవాబు గోడకు అడ్డంగా వేగంగా మారుతుంది, గోడ వెంట నెమ్మదిగా మారుతుంది. ఇలాంటి చోట అన్ని దిశల్లోనూ ఒకే పరిమాణం పెట్టడం వృథా. ఒక దిశలో సరళ ఇంటర్‌పొలేషన్ (తెలిసిన బిందువుల మధ్య విలువలను తిన్నని గీతతో నింపడం) దోషం, పరిమాణపు వర్గాన్ని రెండో అవకలజంతో గుణించి 8తో భాగించిన విలువను మించదు. అనుమతించే దోషం 0.001 అనుకుందాం. అడ్డంగా రెండో అవకలజం 80 అయితే అక్కడి పరిమాణం 0.01, వెంట 0.8 అయితే 0.1 సరిపోతుంది. అంటే పదికి ఒకటి నిష్పత్తిలో సాగిన ఎలిమెంట్ కావాలి. ప్రతి బిందువులోనూ రెండో అవకలజాల మాత్రికను తీసుకుని, దాని ఐగెన్ విలువలతో (ప్రధాన దిశల్లో వంపు ఎంతో చెప్పే సంఖ్యలు) దిశలవారీ పరిమాణాలను నిర్ణయించే కొలమానాన్ని తయారుచేస్తే, ఆ కొలమానంలో ప్రతి అంచు పొడవూ 1కి దగ్గరగా ఉండే మెష్ కావాలని అడగవచ్చు.

ఆచరణలో 1/√2 నుంచి √2 దాకా ఉన్న పొడవులను అంగీకరిస్తారు. √2 పొడవున్న అంచును సగం చేస్తే వచ్చే రెండు ముక్కలూ సరిగ్గా 1/√2 అవుతాయి కనుక, ఒక చోట విడగొట్టినదాన్ని మరుక్షణం కలిపేసే దోబూచులాట జరగదు. సాగిన ఎలిమెంట్లను చూస్తే చిన్న కోణాల భయం మళ్లీ వస్తుంది. అయితే 1976లో బాబుష్కా, అజీజ్ చూపినట్టు ఇంటర్‌పొలేషన్‌కు చిన్న కోణాలు ప్రమాదం కావు, 180 డిగ్రీలకు దగ్గరయ్యే పెద్ద కోణాలే ప్రమాదం. లంబకోణంతో ఉన్న సూది త్రిభుజం పనికొస్తుంది, చదునుగా అణిగిపోయినది పనికిరాదు. నా నివేదికలో అతి పెద్ద కోణాన్ని విడిగా ముద్రించడానికి ఇదే కారణం.

సరళ ఎలిమెంట్ లోపల రెండో అవకలజం సున్నా కాబట్టి, సగటు తీసిన ప్రవణతను మళ్లీ అవకలనం చేసి దాన్ని రాబట్టాలి. సరిహద్దు మీద ఒక పక్కనే పొరుగువారుంటారు కనుక అక్కడ ఈ విలువ నమ్మదగినది కాదు. లోపలి నోడ్‌ల విలువలను సరిహద్దుకు విస్తరించి వాడుతున్నాను.

మూడు కొలతల్లోకి

మూడు కొలతల్లో డెలోనే నియమం తన మంచితనంలో కొంత కోల్పోతుంది. ఒక ఉదాహరణను చేత్తో లెక్కవేశాను. (1, 0, 0.01), (−1, 0, 0.01), (0, 1, −0.01), (0, −1, −0.01) అనే నాలుగు బిందువులతో ఏర్పడే చతుర్ముఖిని చూడండి. దాని పరివృత్త గోళపు వ్యాసార్థం 1కి కొంచెం ఎక్కువ, అతి చిన్న అంచు 1.414, రెండింటి నిష్పత్తి 0.71. అన్ని అంచులూ సమానమైన ఆదర్శ చతుర్ముఖికే ఈ నిష్పత్తి 0.61 ఉంటుంది కనుక ఈ నిష్పత్తితో చేసే నాణ్యత పరీక్షలో ఇది సులభంగా నెగ్గుతుంది. కానీ దీని ఘనపరిమాణం 0.0133 మాత్రమే. 1.414 అంచుతో ఉన్న ఆదర్శ చతుర్ముఖి ఘనపరిమాణంలో ఇది 4 శాతం. ముఖాల మధ్య కోణాల్లో నాలుగు 1.6 డిగ్రీలు, రెండు 177.7 డిగ్రీలు. స్లివర్ అని పిలిచే ఇలాంటివి ఒక్కొక్కటిగా వెతికి తీసేయాల్సినవే. అందుకు నోడ్‌ను కొద్దిగా కదపడం, ముఖాలను తిప్పడం, అంచును కుదించడం అనే మూడు పనులను ఆ వరుసలోనే ప్రయత్నిస్తున్నాను. ప్రతి ప్రయత్నం తర్వాత ఆ చుట్టుపక్కల అతి చెడ్డ కోణం మెరుగైతేనే మార్పును ఉంచుతున్నాను.

ఇంకో చిక్కు సరిహద్దును తిరిగి రాబట్టడం. రెండు కొలతల్లో ఏ బహుభుజినైనా దాని శీర్షాలతోనే త్రిభుజాలుగా విడగొట్టవచ్చు. మూడు కొలతల్లో అది నిజం కాదు. ఆరు శీర్షాలే ఉన్నా అదనపు బిందువు లేకుండా చతుర్ముఖులుగా విడిపోని బహుముఖిని షోన్‌హార్ట్ 1928లోనే చూపించాడు. టెట్‌జెన్, జీమెష్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఈ పని చేయగలవు కనుక మొదటి మెష్‌ను వాటి నుంచే తీసుకుని, సవరణ మాత్రమే నా కోడుతో చేయాలని నిర్ణయించుకున్నాను.

జవాబును మోయడం, ఎప్పుడు ఆగాలి

కాలంతో మారే సమస్యలో పాత మెష్ మీది జవాబును కొత్త మెష్‌కు చేర్చాలి. నోడ్ నుంచి నోడ్‌కు మామూలు ఇంటర్‌పొలేషన్ చేస్తే మొత్తం వేడి ప్రతి మార్పిడిలోనూ కొద్దికొద్దిగా మారుతుంది, వందల అడుగుల తర్వాత ఆ జారుడే అసలు ఫలితాన్ని కప్పేయవచ్చు. పాత, కొత్త త్రిభుజాల ఖండనలను లెక్కించి, వాటి మీద సమాకలనం చేసి ప్రక్షేపిస్తే మొత్తం నిలుస్తుంది. ఖండనల లెక్క ఖరీదైనదే అయినా, నిత్యత్వ నియమం ఉన్న, అంటే మొత్తం మారకూడని, రాశులన్నింటికీ దాన్నే తప్పనిసరి చేశాను.

ఆగడానికి మూడు షరతులు పెట్టాను: అడిగిన దోషం చేరుకోవడం, ఎలిమెంట్ల గరిష్ఠ సంఖ్య దాటడం, వరుస చక్రాల్లో అంచనా తగ్గకుండా నిలిచిపోవడం. మొదటిది కాని పక్షంలో ప్రోగ్రాము జవాబుతోపాటు చేరుకున్న దోషాన్ని, అది ఎక్కువగా పేరుకున్న చోటును తప్పనిసరిగా రాస్తుంది. దాన్ని మూసిపెట్టి చివరి మెష్‌ను మాత్రమే చేతికిచ్చే వీలు కోడులో లేదు.

ప్రస్తుతం రెండు కొలతల చక్రం మొదటి నుంచి చివరిదాకా మనిషి జోక్యం లేకుండా నడుస్తోంది. తర్వాత చేయాల్సింది గోళాకారపు కుహరం ఉన్న ఘనాన్ని తీసుకుని, కుహరపు ఉపరితలం మీది కొత్త నోడ్‌లను గోళం మీదికి జరిపేటప్పుడు స్లివర్లు ఎన్ని పుడుతున్నాయో, వాటిలో నోడ్ కదలికతోనే పోయేవి ఎన్నో నమోదు చేయడం.